చట్టానికి మా ఇంటి అడ్రసొక్కటే తెలుసు

మా కాలనీ సంఘం వారి దగ్గర్నుంచి శ్రీముఖం వచ్చింది. చెత్త బండి వచ్చి వెళ్ళిన మర్నాటి సాయంత్రం కూడా మా చెత్తడబ్బా వీధిలోకి కనబడే చోటే నిలబడి ఉందిట. దానికి ఫోటో తీశారు. ఫోటో కింద తేదీ, వేళ, నిబంధన సంఖ్య, ఉపనిబంధన సంఖ్య, గడువులోగా సరిదిద్దుకోకపోతే పడే జరిమానా, ఆ జరిమానా కట్టకపోతే పడే ఆలస్య రుసుము, లాయరు చేత నోటీసు ఇప్పించాల్సి వస్తే ఆ లాయరు గారి ఫీజు కూడా నా నెత్తినే అని ముందస్తు హెచ్చరిక. మా పెళ్ళికి ఫోటోలు తీసినవాడు కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. డబ్బా మాత్రం బాగా పడింది.

డాలస్ ఉత్తరాన ఇల్లు కొనుక్కున్న తెలుగువాడికి ఈ సంఘాల సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నగరం, కౌంటీ, రాష్ట్రం, దేశం అని మనకు నాలుగు ప్రభుత్వాలున్నాయి. గడ్డి ఎంత ఎత్తు పెరగాలో, తలుపుకి ఏ రంగు వెయ్యాలో, సంక్రాంతికి గుమ్మానికి కట్టిన దీపాల తోరణం ఏ తేదీలోగా విప్పెయ్యాలో తేల్చేది మాత్రం ఈ ఐదోది. చందా బాకీ పడితే టెక్సాస్‌లో ఇల్లు వేలానికి పెట్టించే అధికారం కూడా దీనికుంది. అమెరికా రాజ్యాంగం రాసిన మహనీయులు అధికారాన్ని మూడు శాఖలుగా విడగొట్టి, ఒకదాని మీద ఒకటి కన్నేసి ఉండేలా కట్టుదిట్టం చేశారు. చెత్తడబ్బా శాఖ వాళ్ళకి తట్టలేదు.

నా బాధ జరిమానా గురించి కాదు. (జరిమానా గురించే. పరువు కోసం అలా అనాలి.) నేను ఈ దేశానికి దారిన పోయే దానయ్యను కాను, పౌరుణ్ణి. అధికారి ఎదుట కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పి, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేసి మరీ అయినవాణ్ణి. ఆ పరీక్షకి మా రోజుల్లో వంద ప్రశ్నలుండేవి. మా ఆవిడ అప్పజెప్పించుకునేది, నేను గడగడా అప్పజెప్పేవాణ్ణి. పదకొండో ప్రశ్న: ఈ దేశపు ఆర్థిక వ్యవస్థ ఏది? పెట్టుబడిదారీ వ్యవస్థ. పన్నెండో ప్రశ్న: చట్టబద్ధ పాలన అంటే ఏమిటి? చట్టానికి ఎవరూ అతీతులు కారు. ఈ రెండిటినీ పక్కపక్కన ఎందుకు కూర్చోబెట్టారో ఆనాడు ఆలోచించలేదు. పాసైతే చాలు దేవుడా అనే స్థితి.

ఇప్పుడు ఆలోచిస్తున్నాను. 2024 మే 30న న్యూయార్క్‌లో పన్నెండు మంది జ్యూరీ సభ్యులు, వ్యాపార లెక్కలు తారుమారు చేశారన్న కేసులో డొనాల్డ్ ట్రంప్ గారి మీద 34 అభియోగాలు రుజువయ్యాయన్నారు. 2025 జనవరి 10న శిక్ష చెప్పారు. జైలు లేదు, జరిమానా లేదు, ప్రొబేషను లేదు, ఏ షరతూ లేకుండా విడుదల. మరో పది రోజులకి ఆయన రెండోసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. ఆ చలికాలంలోనే హైవే మీద కాస్త వేగంగా వెళ్ళానని నాకూ ఒక చీటీ చేతిలో పడింది. నేను కట్టినవి: కోర్టు రుసుము, నా డ్రైవింగు చరిత్ర నాకే అమ్మే ధ్రువపత్రానికి రుసుము, ఆన్‌లైన్ డ్రైవింగు క్లాసుకి రుసుము. ఆ క్లాసు గంటల తరబడి సాగుతుంది. కునుకు తీస్తామేమోనని మధ్య మధ్యలో ప్రశ్నలు వేస్తుంది. 34 నేరాలకి సున్నా అయితే ఒక నేరానికి ఎంత పడాలో పదో క్లాసు లెక్కల ప్రకారం వేసి చూశాను. నేను తక్కువ చేసి దెబ్బతిన్నాను.

ఇందులో పార్టీ భేదం వెతకకండి. మా వీధిలో ఆ పార్టీ బోర్డు పెట్టినవాళ్ళూ ఉన్నారు, ఈ పార్టీ బోర్డు పెట్టినవాళ్ళూ ఉన్నారు, ఇద్దరి గడ్డీ సంఘం వారు కొలుస్తారు. కొడుకును క్షమించేది లేదని చెబుతూ వచ్చిన బైడెన్ గారు 2024 డిసెంబరు 1న క్షమించేశారు, అదీ దాదాపు పదకొండేళ్ళ కాలానికి కలిపి. గొడుగు బస్సులో మర్చిపోయి వచ్చినందుకు మా నాన్నగారు నన్ను చివరిదాకా క్షమించలేదు. ట్రంప్ గారు గద్దెనెక్కిన రోజే పార్లమెంటు భవనం మీద జరిగిన దాడి కేసుల్లో సుమారు 1,500 మందికి క్షమాభిక్ష, శిక్ష తగ్గింపు ప్రసాదించారు. అంతకు ముందే, 2024 జూలై 1న, అధ్యక్షుడు అధికారిక హోదాలో చేసే పనుల్లో చాలావాటికి క్రిమినల్ కేసులనుంచి రక్షణ ఉందని సుప్రీంకోర్టు 6–3తో తీర్పిచ్చింది. నా డబ్బా కూడా అధికారిక హోదాలోనే వీధిలో నిలబడిందని, చెత్త ఎత్తించడం గృహస్థుడి రాజ్యాంగ విధుల్లో ముఖ్యమైనదని, సంఘానికి రెండు పేజీల వినతిపత్రం రాశాను. జవాబుగా ఇంకో ఫోటో వచ్చింది.

నా గొడవ పక్కన పెట్టి, ఒక నిజమైన గొడవ చెబుతాను. మిజోరీలో సెయింట్ లూయిస్ పక్కన ఫెర్గసన్ అని చిన్న ఊరు. 2014లో పోలీసు కాల్పుల్లో ఒక నల్లజాతి కుర్రాడు చనిపోయాక, కేంద్ర న్యాయశాఖ ఆ ఊరి వ్యవహారం తవ్వి 2015 మార్చిలో నివేదిక ఇచ్చింది. అక్కడి పోలీసులకీ కోర్టుకీ శాంతిభద్రతలకన్నా జరిమానాల వసూలు మీదే ధ్యాస అని తేల్చింది. అందులో ఒకావిడ సంగతి ఉంది. 2007లో కారు ఆపకూడని చోట ఆపినందుకు 151 డాలర్లు, పైన రుసుములు. ఆవిడ దగ్గర డబ్బు లేదు, కొన్నాళ్ళు ఉండడానికి ఇల్లూ లేదు. వాయిదాకి రాలేదని మళ్ళీ జరిమానా, వారంటు, రెండుసార్లు అరెస్టు, ఆరు రోజులు జైలు. పాతికో యాభయ్యో కడతాను తీసుకోండి మహాప్రభో అంటే, మొత్తం ఒకేసారి కట్టాలి అని కోర్టు ఆ డబ్బు తిప్పి పంపింది. ఏడేళ్ళు గడిచేసరికి ఆవిడ కట్టింది 550 డాలర్లు. ఇంకా బాకీ 541. అదే ఏడేళ్ళలో, 2008లో, పెద్ద బ్యాంకులు దేశాన్ని నట్టేట ముంచితే వాటిని ఒడ్డున పడెయ్యడానికి కాంగ్రెసు 70,000 కోట్ల డాలర్ల దాకా మంజూరు చేసింది. ఆ బ్యాంకుల అధిపతుల్లో ఒక్కరూ జైలు గడప తొక్కలేదు. పాపం, వాళ్ళు కార్లు సరైన చోటే ఆపుకున్నారు.

ఈ న్యాయదేవతను దగ్గరగా చూసే భాగ్యం నాకూ కలిగింది. జ్యూరీ సేవకి రమ్మని పిలుపొచ్చింది. దేశభక్తితో ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. బెల్టు విప్పించారు, తాళాలు పెట్టెలో వేయించారు, బెల్టు మళ్ళీ పెట్టుకోమన్నారు, వందమంది ఉన్న హాల్లో కూర్చోబెట్టి టీవీలో రాజ్యాంగ ఔన్నత్యం చూపించారు. మధ్యాహ్నానికి ఒక గుమస్తా గారొచ్చి, ముద్దాయి నేరం ఒప్పేసుకున్నాడు, మీరంతా వెళ్ళొచ్చు అన్నారు. ఇది అరుదేమీ కాదు. ఈ దేశంలో శిక్షలు పడే కేసుల్లో నూటికి తొంభైకి పైగా ఇలా బేరంతోనే ముగుస్తాయి, విచారణ దాకా వచ్చేవి వేళ్ళమీద లెక్క. బెయిలు కట్టగలవాడు ఇంట్లో కూర్చుని లాయరుతో మాట్లాడుకుంటాడు, కట్టలేనివాడు జైల్లో కూర్చుని ఉద్యోగం పోయిందా ఉందా అని ఆలోచిస్తూ సంతకం పెట్టేస్తాడు. డబ్బు బెయిలును పూర్తిగా ఎత్తేసిన మొదటి రాష్ట్రం ఇల్లినాయ్, అదీ 2023లో. టెక్సాస్ కూడా ఆ ఏడాది సంస్కరణకు పూనుకుంది. జ్యూరీకి మొదటిరోజు ఇచ్చే కనీస భత్యాన్ని 6 డాలర్లనుంచి 20కి పెంచింది. ఆ 20 ఏదైనా మంచి పనికి విరాళం ఇస్తారా అని ఒక కాగితం కూడా చేతిలో పెట్టారు. వెనకవాళ్ళు చూస్తున్నారు. ఇచ్చేశాను.

ఇక ఏప్రిల్ నెల. మా రోజుల పౌరసత్వ పరీక్షలో ఇదీ ఒక ప్రశ్నే: ఆదాయపన్ను పత్రాల దాఖలుకి ఆఖరు తేదీ ఏది? ఏప్రిల్ 15. నా జీతం ఎంతో, పన్ను ఎంత కోశారో మా కంపెనీ ప్రభుత్వానికి ముందే పంపేస్తుంది. జవాబు వాళ్ళ దగ్గర పెట్టుకుని నా చేత పరీక్ష రాయిస్తారు. రాయడానికి సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలి. ఉచితం రండి రండి అని పిలుస్తుంది, నలభై పేజీలు నింపాక మీది ఉచితం రకం కాదు అంటుంది. 2024లో ప్రభుత్వమే ఆన్‌లైన్లో ఉచితంగా దాఖలు చేసుకునే సదుపాయం మొదలుపెట్టింది. వాడినవాళ్ళు బాగుందన్నారు. ఎత్తేశారు.

అదే నెలలో ఇంకో పత్రం వస్తుంది. మా ఇంటి విలువ పెరిగిందని, అభినందనలు లేకుండా తెలియజేసే పత్రం. అయ్యా, నేను ఇల్లు అమ్మలేదు. అమ్మే ఉద్దేశం లేదు. ఆ పెరిగిన విలువలో ఒక్క డాలరు నా జేబులో పడలేదు. వంటింటి కుళాయి కారుతూనే ఉంది. అయినా పెరిగిందిట, పన్ను కట్టాలిట. ఇక్కడొక ధర్మసూక్ష్మం ఉంది, జాగ్రత్తగా వినండి. షేర్ల రూపంలో వేల కోట్ల డాలర్లున్న మహానుభావుడి ఆస్తి ఏడాదిలో రెట్టింపైనా అది కాగితం మీది లాభమే. అమ్మితేనే ఆదాయపన్ను. ఆయన అమ్మడు. వాటిని తనఖా పెట్టి అప్పు తెచ్చుకుని పడవలు కొనుక్కుంటాడు, అప్పు ఆదాయం కాదు కదా. కాలం చేశాక వారసులకి ఆ రోజు ధరే కొన్న ధర కింద లెక్క, పాత లాభం మీద ఆదాయపన్ను గాలికి పోతుంది. ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ 2021లో బయటపెట్టిన లెక్కల ప్రకారం జెఫ్ బెజోస్ గారు 2007లోనూ 2011లోనూ కట్టిన కేంద్ర ఆదాయపన్ను సున్నా. 2011లో పిల్లలున్న గృహస్థులకిచ్చే రాయితీ 4,000 డాలర్లు కూడా పుచ్చుకున్నారు. పిల్లల ఖర్చులంటే ఎవరికైనా కష్టమే.

నేను మాత్రం పన్ను తగ్గించమని అర్జీ పెట్టుకుని బోర్డు ముందు హాజరవ్వాలి. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలకి చూపించకుండా దాచినవన్నీ అక్కడ చూపించాలి: గోడమీది బీట, గరాజులో చెమ్మ, వంగిన కంచె, పక్కింటివాళ్ళ కుక్క. ఇండియాకి ఫోనులో రాజమహల్లా వర్ణించిన ఇంటిని టెక్సాస్ బోర్డు ఎదుట పాడుబడ్డ సత్రమని నిరూపించాలి. ఊరి మధ్య పెద్దపెద్ద అద్దాల మేడలవాళ్ళూ ఇదే పని చేస్తారు, కాకపోతే వాళ్ళకి లాయర్లుంటారు, తేలకపోతే కోర్టుకి వెళతారు. టెక్సాస్‌లో కొన్న ధర ఎంతో ప్రభుత్వానికి చెప్పి తీరాలన్న నియమం లేదు కాబట్టి వాళ్ళ మేడ అసలు విలువ తేలేది కష్టం. నా వాదన విని ముగ్గురు సభ్యులూ తలలూపారు. బీట ఫోటో సరిగ్గా పడలేదన్నారు.

సోషల్ సెక్యూరిటీ పన్ను చూడండి. జీతంలో 6.2 శాతం. 2025లో మొదటి 1,76,100 డాలర్ల మీదే ఈ కోత, ఆపైన ఎంత వచ్చినా లేదు. నా జీతం ఆ గీత దరిదాపుల్లో కూడా లేదు కనుక జనవరి నుంచి డిసెంబరు దాకా కోత కోతే. ఏడాదికి ఆరున్నర కోట్ల డాలర్ల జీతగాడు ఆ ఏడాది రోజు లెక్కన జనవరి 1నే గీత దాటేశాడు. ఆయనకు కొత్త సంవత్సరం నిజంగానే కొత్తది. ఈ విచిత్రాలు పెద్దవాళ్ళకి తెలియవనుకోకండి. వారెన్ బఫెట్ గారే 2011లో పత్రికలో రాశారు, తన పన్ను రేటు 17.4 శాతమని, తన ఆఫీసులో మిగతా ఇరవై మందిదీ అంతకన్నా ఎక్కువేనని. దేశమంతా ముక్కున వేలేసుకుంది. తర్వాత వేలు తీసేసింది.

కాఫీ కొట్టులో టాబ్లెట్ మన వైపు తిప్పే క్షణం మీకూ అనుభవమే. 18 శాతమా, 20 శాతమా, 25 శాతమా అని అడుగుతుంది. వద్దు అనే మీట ఎక్కడో మూలన, తప్పుచేసినవాడిలా నక్కి ఉంటుంది. ఎదురుగా ఆ పిల్ల ఆకాశంలోకి చూస్తూ నిలబడుతుంది. ఈ దౌర్జన్యం మీద ఒక ఉద్యమం లేవదీద్దామనుకుని వివరాలు సేకరించాను, అక్కడే నా ఆవేశం చల్లారింది. టిప్పులు వచ్చే వెయిటర్లకి యజమాని ఇచ్చి తీరాల్సిన కేంద్ర కనీస వేతనం గంటకి 2 డాలర్ల 13 సెంట్లు. టెక్సాస్‌లో ఇప్పటికీ అదే. ఆ అంకె అమల్లోకి వచ్చింది 1991లో, అంటే పి.వి. గారు ప్రధాని అయిన ఏడాది. మిగతావాళ్ళ కనీస వేతనం 7 డాలర్ల 25 సెంట్లు, అది అమల్లోకి వచ్చింది 2009 జూలైలో, ‘మగధీర’ విడుదలైన నెల. ఆ తర్వాత రాజమౌళి గారు ఈగను ఎగరేశారు, కట్టప్ప చేత బాహుబలిని చంపించారు, ఎందుకు చంపించారో రెండేళ్ళు ఆపి మరీ చెప్పారు, నాటు నాటు పాటకి ఆస్కార్ తెప్పించారు. 7.25 మాత్రం కదల్లేదు. 1965లో పెద్ద కంపెనీ అధిపతి సంపాదన మామూలు ఉద్యోగి జీతానికి సుమారు 21 రెట్లు ఉండేదని, 2023కి 290 రెట్లకి చేరిందని ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ లెక్క. ఆ 290 రెట్ల తేడా పూడ్చమని టాబ్లెట్ నావైపు తిరుగుతోందన్నమాట. 20 శాతం నొక్కాను. మా ఆవిడ చూసి 18 చాలదా అంది.

ఆసుపత్రి సంగతి ఎత్తను. ఇది బిల్లు కాదు అని పైన రాసి, కింద బిల్లులాంటివన్నీ వేసి పంపే కాగితం మీ ఇంటికీ వస్తుంది. బిల్లు దాని వెనకాలే వస్తుంది.

మరి ప్రజాస్వామ్యం ఉంది కదా, వోటుంది కదా అంటారు. ఉంది. వోటుతో పాటు నా ఫోను నంబరూ వాళ్ళ దగ్గరుంది. ఎన్నికలొస్తే అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. పొద్దున్న, మిత్రమా మీరే మా ఆఖరి ఆశ, అర్ధరాత్రిలోగా 7 డాలర్లు పంపండి అని బతిమాలతారు. సాయంత్రం, మీరు ఇంకా పంపలేదని మా రికార్డుల్లో కనిపిస్తోంది అని గదమాయిస్తారు. రెండు పార్టీలూ ఒకే బడిలో చదువుకున్నట్టున్నాయి. ఇదంతా 7 డాలర్ల కోసం. 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థితో సంబంధం లేకుండా విడిగా చేసే ఎన్నికల ప్రచారానికి కంపెనీలు ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చు, అది భావప్రకటన స్వేచ్ఛ అంది. 2024లో ఇలాన్ మస్క్ గారు 25 కోట్ల డాలర్లకు పైగా భావం ప్రకటించారు. ఆయనకీ ఒకటే వోటు, నాకూ ఒకటే వోటు, సమానత్వానికి లోటు లేదు. మాట విలువ దాని వెనకున్న డబ్బును బట్టి ఉంటుందని న్యాయస్థానమే తేల్చాక, మా ఇంట్లో నా మాట ఎందుకు చెల్లదో తెలిసింది.

పైగా ఆ ఒక్క వోటు ఎక్కడ వెయ్యాలో కూడా స్థిరం లేదు. పదేళ్ళకోసారి జనాభా లెక్కలయ్యాక నియోజకవర్గాల గీతలు మార్చడం ఆనవాయితీ. మా టెక్సాస్ వారు 2021లో మార్చారు. పార్టీకి ఇంకో ఐదు సీట్లు కావాలనిపించి 2025 ఆగస్టులో మళ్ళీ మార్చారు. దాన్ని ఆపడానికి ప్రతిపక్ష సభ్యులు కోరం లేకుండా చేసి ఇల్లినాయ్ పారిపోయి, కొన్నాళ్ళకి తిరిగొచ్చారు. పోటీగా కాలిఫోర్నియా వారు తమ గీతలు తమకు కావలసినట్టు గీసుకున్నారు. నేను ఇల్లు మారలేదు, నియోజకవర్గం మారిపోయింది. గీతను వీధి మధ్యలోంచి లాగేటంత స్వేచ్ఛ ఈ దేశంలో ఉంది. చెత్తడబ్బాను గీతకి అటు పెడితేనే తప్పు.

ఈ బాధలన్నీ మొన్న తణుకు నుంచి ఫోను చేసిన మా బావగారికి, అంటే మా ఆవిడ అన్నగారికి, ఏకరువు పెట్టాను. ఆయన ఓపిగ్గా విన్నారు. “ఇన్ని కష్టాలు పడుతూ అక్కడెందుకు బావగారూ, వచ్చెయ్యండి” అన్నారు. మనిషన్నాక అలాంటి ప్రశ్న వెయ్యకూడదు. నా రిటైర్మెంటు సొమ్మంతా 401కె ఖాతాలో, ఆ మహానుభావుల కంపెనీల షేర్లలోనే ఉంది. వాళ్ళు పన్ను ఎగ్గొడితే నా ఖాతా పెరుగుతుంది. వాళ్ళు వేలమందిని ఉద్యోగాల్లోంచి తీసేశారన్న వార్త వచ్చిన రోజున ఇంకాస్త పెరుగుతుంది. ఇలాంటి వార్త వచ్చిన ఒక పొద్దున అయ్యో పాపం అంటూనే ఫోనులో ఖాతా తెరిచాను, పచ్చ రంగులో ఉంది, మధ్యాహ్నం భోజనం దాకా ఉల్లాసంగా ఉన్నాను. భోజనం వేళకి తెలిసింది, ఆ తీసేసినవాళ్ళలో వెనకింటి కుర్రాడున్నాడని. 2013 నాటి గ్రీన్‌కార్డు దరఖాస్తులు అప్పటికింకా కదులుతున్న వరసలో నిలబడ్డ కుర్రాడు. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి. మా ఆవిడ వాళ్ళకి పులిహోర పంపింది. ఖాతా సంగతి నేను ఎత్తలేదు.

ఇవన్నీ బావగారికి చెప్పలేక, పిల్లల చదువులు అని నసిగాను. ఆయన గొంతు తగ్గించి అసలు విషయానికొచ్చారు. “ఉపాధ్యక్షుడు మన అల్లుడే కదండీ, ఉషమ్మ వాళ్ళది మన పక్కనున్న వడ్లూరే కదా. ఒక మాట చెప్పించి మావాడికి ఆ హెచ్1బీ ఏదో చూడకూడదూ?” తెలుగింటి ఆడపడుచు భర్త అంత ఎత్తున కూర్చున్నా, చెత్తడబ్బా విషయంలోనే నాకు పలుకుబడి లేదని ఎలా చెప్పను? 2025 సెప్టెంబరు నుంచి కొత్తగా విదేశాల నుంచి తెచ్చుకునే ఒక్కో హెచ్1బీకి కంపెనీ లక్ష కట్టాలని ట్రంప్ గారు ఉత్తర్వు ఇచ్చారు, అంత పెట్టి మనవాణ్ణి ఎవరు తెచ్చుకుంటారు బావగారూ అన్నాను.

“లక్షేగా! వాళ్ళనెందుకు ఇబ్బంది పెట్టడం, మనమే కట్టేద్దాం” అన్నారు బావగారు.

రూపాయలనుకున్నారు. నేను దిద్దలేదు.